సేఠ్ మనోడైతే జులుం మాఫీనా?

ఈ మధ్య మన జల్సాల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఐర్లాండ్ పేరు తెగ వినబడుతోంది. 2024 మే నెలలో ఆ దేశం ఫలస్తీన్‌ని గుర్తించింది కదా, అప్పటి నుంచి మనవాళ్లకి ఐరిష్ వాళ్ల మీద మొహబ్బత్ పెరిగిపోయింది. పెరగనీ, మంచిదే. కానీ ఆ మొహబ్బత్ వెనకాలే ఒక కట్టుకథ కూడా నడిచొస్తోంది. ఆ కథ ఇది: "చూడండి భాయ్, చిన్న కౌమ్. ఒకే మజ్‌హబ్. పాదరీల దగ్గర్నుంచి సేఠ్‌ల దాకా, సేఠ్‌ల దగ్గర్నుంచి కూలీల దాకా అందరూ ఒకే సఫ్‌లో నిలబడ్డారు. అందుకే అంత పెద్ద అంగ్రేజు సల్తనత్‌ని తరిమేశారు. మనం కూడా అట్లా ఒక్కటవ్వాలి. మనలో మనకి గొడవలొద్దు."

నాకు ఈ తక్రీర్‌తో రెండు పేచీలున్నాయి. ఒకటి, తారీఖ్ ప్రకారం ఇది తప్పు. రెండోది ఇంకా పెద్దది. "మనలో మనకి గొడవలొద్దు" అనే ఆఖరి ముక్క ఎప్పుడూ ఎవరికి చెబుతారో గమనించారా? మూడు నెలల తన్‌ఖా ఎగ్గొట్టిన సేఠ్‌కి చెప్పరు. ఆ తన్‌ఖా అడిగిన కుర్రాడికి చెబుతారు. ఐర్లాండ్‌ని తీసుకొచ్చి ఆ కుర్రాడి నోరు మూయడానికి వాడుకుంటుంటే నేను ఊరుకోలేను. ఎందుకంటే ఐర్లాండ్ కథ సరిగ్గా ఆ కుర్రాడి కథే.

పైగా ఈ కథ మనకి దూరం కూడా కాదు. మన విశాఖ రైలు పట్టాల మీదుగా నడిచిన కథ. వరాహగిరి వెంకటగిరి పేరు మనందరికీ తెలుసు. క్విజ్ పోటీల్లో మన పిల్లలు టకీమని చెబుతారు: భారతదేశ నాలుగో రాష్ట్రపతి. మన పెద్దలకి ఇంకో రకంగా గుర్తు: 1969 మే 3న డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్ ఇంతెఖాల్ అయిన రోజున ఉపరాష్ట్రపతిగా ఉండి, ఆ కుర్సీ బాధ్యత తీసుకున్న మనిషి. కానీ బరంపురంలో 1894లో పుట్టిన ఈ తెలుగాయన లా చదువుకోడానికి వెళ్లింది లండన్‌కి కాదు, డబ్లిన్‌కి. 1913 నుంచి 1916 దాకా అక్కడే ఉన్నాడు. 1909లో లండన్‌లో మదన్‌లాల్ ఢీంగ్రా కర్జన్ వైలీని కాల్చేసిన తర్వాత అక్కడి లా సంస్థల్లో హిందుస్తానీ కుర్రాళ్ల మీద నిఘా, షరతులు ఎక్కువయ్యాయి. అందుకని కొంతమంది డబ్లిన్ దారి పట్టారు. గిరి అందులో ఒకడు.

ఆయన దిగిన సంవత్సరం చూడండి. 1913. ఆ ఆగస్టు 26న డబ్లిన్‌లో ట్రాములు నడిరోడ్డు మీద ఆగిపోయాయి. డ్రైవర్లు, కండక్టర్లు యూనియన్ బ్యాడ్జీలు పెట్టుకుని దిగి వెళ్లిపోయారు. ఆ ట్రాముల కంపెనీ యజమాని విలియం మార్టిన్ మర్ఫీ. ఈ మర్ఫీ సాహెబ్ గురించి నేను కొంచెం తీరిగ్గా చెప్పాలి. మన జల్సా వక్తలు ఎవరూ ఈ పేరు ఎత్తరు గనక.

మర్ఫీ అంగ్రేజు కాదు. అసలైన ఐరిష్, అసలైన కాథలిక్. కాంట్రాక్టర్ కొడుకు, తనూ కాంట్రాక్టరే. రైలు మార్గాలు వేశాడు, ట్రాములు నడిపాడు, హోటల్ ఉంది, బట్టల షాపు ఉంది, 'ఐరిష్ ఇండిపెండెంట్' అనే దినపత్రిక ఉంది. ఐర్లాండ్‌కి స్వపరిపాలన కావాలన్న పార్టీ తరఫున పార్లమెంటులో కూర్చున్నాడు. 1907లో అంగ్రేజు బాద్షా 'సర్' బిరుదు ఇస్తానంటే వద్దన్నాడు. ఇంత ఖుద్దారీ ఉన్న మనిషి! మన దగ్గరైతే ఏ జల్సాకైనా సదర్ ఆయనే, పూలదండ ఆయనకే.

ఆ సదర్ సాహెబ్ చేసిన పని ఇది. తన కంపెనీలో జిమ్ లార్కిన్ యూనియన్‌లో చేరినవాళ్లని పనిలోంచి తీసేశాడు. ఊళ్లో ఉన్న 400 మందికి పైగా యజమానుల్ని కూడగట్టాడు. యూనియన్‌లో ఉండమని, ఇకపై చేరమని కాగితం మీద సంతకం పెడితేనే పని అన్నాడు. పెట్టనివాళ్లకి గేటు మూసేశారు. 20 వేల మంది రోడ్డున పడ్డారు. అప్పటి డబ్లిన్‌లో 20 వేలకు పైగా కుటుంబాలు ఒక్కో కుటుంబానికి ఒక్కటే గదిలో బతుకుతున్నాయి. ఆగస్టు 31న పోలీసులు లాఠీలతో జనాన్ని చితక్కొట్టారు. రెండ్రోజుల తర్వాత చర్చి స్ట్రీట్‌లో పేదల ఇళ్లు కూలి ఏడుగురు చచ్చిపోయారు. ఆకలి, చలి, నాలుగైదు నెలలు.

అప్పుడు సాయం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? ఇంగ్లండ్ నుంచి! అవును, దుష్మన్ దేశం నుంచి. అక్కడి కార్మిక సంఘాలు చందాలు పోగేసి, సెప్టెంబర్ ఆఖర్లో 'హేర్' అనే ఓడ నిండా తిండి సామాను పంపాయి. ఎక్కువ మంది ప్రొటెస్టెంట్ అంగ్రేజు మజ్దూర్లున్న సంఘాలు, కాథలిక్ ఐరిష్ మజ్దూర్ల కోసం పంపాయి. మనది ఓడరేవు ఊరు, అలాంటి ఓడ ఒడ్డుకొచ్చినప్పుడు జెట్టీ మీద నిలబడ్డ ఆడవాళ్ల మొహాలు ఎలా ఉంటాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి సొంత మజ్‌హబ్ పెద్దలు ఏం చేశారు? ఆకలితో ఉన్న పిల్లల్ని కొన్నాళ్లు ఇంగ్లండ్‌లోని కార్మికుల ఇళ్లకి పంపి, కడుపునిండా తిండి పెట్టించి తీసుకొద్దామని కొందరు ఆడవాళ్లు ఏర్పాటు చేశారు. డబ్లిన్ ఆర్చ్‌బిషప్ వాల్ష్ దాన్ని ఖండిస్తూ అక్టోబర్‌లో ఉత్తరం రాశాడు. అలా పంపే తల్లులు అసలు కాథలిక్ తల్లులేనా అన్న ధోరణిలో. పరాయి మజ్‌హబ్ వాళ్ల ఇళ్లలో పిల్లల దీన్ పాడవుతుందని భయం. పాదరీలు, వాళ్ల వెనక గుంపులు ఓడల దగ్గర, రైళ్ల దగ్గర పిల్లల్ని అడ్డుకున్నారు. పిల్లలు ఇంట్లోనే, ఆ ఒక్క గదిలోనే ఉండిపోయారు. వాళ్ల దీన్ భద్రం. కడుపు సంగతి ఎవరికీ పట్టలేదు.

1914 మొదట్లో ఆ మజ్దూర్లు ఓడిపోయి తలలొంచుకుని పనిలోకి వెళ్లారు. ఇదీ "సేఠ్‌లూ కూలీలూ ఒకే సఫ్" కథ.

ఇక 1916. ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం, డబ్లిన్‌లో బగావత్ మొదలైంది. ఆరు రోజుల్లో అణచేశారు. నాయకుల్ని వరసగా కాల్చి చంపారు. మే 3న మొదటి రోజు చనిపోయిన ముగ్గురిలో టామస్ మెక్‌డొనా ఉన్నాడు. యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే షాయర్, గిరి చదివిన కాలేజీలోనే ఉస్తాద్. మే 12న ఆఖరి రోజు చనిపోయినవాళ్లలో జేమ్స్ కానలీ ఉన్నాడు. 1913లో లార్కిన్ పక్కన నిలబడి ఆ లాకౌట్‌ని ఎదుర్కొన్న కార్మిక నాయకుడు. చీలమండకి గుండు తగిలి నిలబడలేకపోతే, కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు.

ఆ వారంలో మర్ఫీ గారి పత్రిక ఏం రాసిందో అది ఐర్లాండ్‌లో ఇప్పటికీ మరవలేదు. మరణశిక్షలు చాలు ఆపండి అని దేశమంతా గొణుగుతున్న వేళ, ముఖ్యుల్ని వదలొద్దు, తగిన శిక్ష వేయాల్సిందే అని సంపాదకీయం. కానలీ ఇంకా బతికుండగా. బాద్షా బిరుదు కాలదన్నిన మనిషి పత్రిక, అదే బాద్షా ఫౌజు చేతికి తన కౌమ్ బిడ్డని అప్పగించమంది. మర్ఫీకి బాద్షా కన్నా యూనియనే పెద్ద దుష్మన్. ఈ సంగతి అర్థం కాకపోతే ఆ ఇంక్విలాబ్ కథ ఏదీ అర్థం కాదు.

ఒకే మజ్‌హబ్ అన్న ముక్క కూడా నిలబడదు. కానలీతో కలిసి కార్మికుల రక్షక దళం పెట్టిన జాక్ వైట్ ప్రొటెస్టెంట్, అంగ్రేజు ఫౌజులో కెప్టెన్‌గా చేసినవాడు. ఐరిష్ భాషని బతికించాలని 1893లో గేలిక్ లీగ్ పెట్టిన డగ్లస్ హైడ్ ప్రొటెస్టెంట్ పాదరీ కొడుకు. 1922లో అంతర్యుద్ధం వచ్చినప్పుడు కాథలిక్ బిషప్‌లు అందరూ కలిసి, కొత్త ప్రభుత్వాన్ని ఎదిరిస్తున్న తమ కౌమ్ కుర్రాళ్లకి చర్చిలో సంస్కారాలు కూడా దక్కవని ప్రకటించారు. అవతలి వైపు చూస్తారా? 1919లో పంజాబ్ గవర్నర్ కుర్సీలో కూర్చుని జలియన్‌వాలాబాగ్ కాల్పుల్ని సమర్థించిన మైకేల్ ఓడ్వయర్ ఎవరు? టిప్పరరీ జిల్లా కాథలిక్ ఐరిష్ కుటుంబం బిడ్డ. మరుసటి ఏడాదే, 1920లో, అదే పంజాబ్‌లో జలంధర్ ఛావనీలో, మా దేశంలో మీ జులుం ఆపేదాకా మీ డ్యూటీ చేయమని తుపాకులు కింద పెట్టేసిన కన్నాట్ రేంజర్స్ సిపాయిలు ఎవరు? వాళ్లూ ఐరిష్ వాళ్లే. ఆ రెజిమెంటులోనే తిరగబడ్డ జేమ్స్ డేలీని నవంబర్ 2న కాల్చి చంపారు. ఒకే నేల, ఒకే మజ్‌హబ్. ఒకడు జాలిమ్ పక్కన, ఒకడు మజ్లూమ్ పక్కన. పేరు చూసి, పుట్టుక చూసి ఎవరు ఎటో తేల్చలేం.

గిరి దగ్గరికొస్తాను. ఆయన్ని కొందరు సభల్లో తుపాకీ పట్టిన ఐరిష్ విప్లవకారుడిలా వర్ణిస్తుంటారు. అంత మసాలా అక్కర్లేదు. ఆయన లా విద్యార్థి. బాగీలతో పరిచయం, వాళ్ల మీద అభిమానం ఉన్న విద్యార్థి. అది చాలు పోలీసులకి. 1916 జూన్ 21న బారిస్టర్ అయ్యాడు. జులై 1 లోపు దేశం వదిలి పొమ్మని నోటీసు. డిగ్రీ చేతికందిన పది రోజులకి గెంటేశారన్నమాట.

వచ్చాక కావాలంటే నల్లకోటు వేసుకుని హాయిగా డబ్బు సంపాదించుకోవచ్చు. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. కానీ ఈయన రైలు కూలీల దగ్గరికి పోయాడు. మన వాల్తేరు స్టేషన్ అప్పట్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ కింద ఉండేది. 1933లో తెరిచిన మన హార్బర్ కట్టింది కూడా ఆ కంపెనీయే. ఆ కంపెనీ కార్మికుల్ని గిరి యూనియన్‌గా కట్టాడు. అఖిల భారత రైల్వే కార్మికుల ఫెడరేషన్ నిలబెట్టిన వాళ్లలో ఆయన పేరు ముందుంటుంది. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపుల్లో పెద్ద ఎత్తున ఉద్యోగాల కోత మొదలైతే ఆ పోరాటానికి ముందు నిలిచాడు. ఖరగ్‌పూర్ అంటే మనకి పరాయి ఊరేం కాదు. అక్కడ తెలుగు బస్తీలున్నాయి, శ్రీకాకుళం, విశాఖ నుంచి రైలు పని వెతుక్కుంటూ పోయిన తరాలవాళ్లవి.

డబ్లిన్ నుంచి ఆయన పెట్టెలో తెచ్చింది బాంబు కాదు, ఈ ఎరుక: ఆజాదీ అంటే కూలివాడి కంచం కూడా లెక్కలోకి రావాలి. 1937లో ఆయన బొబ్బిలిలో ఓడించింది కూడా అంగ్రేజుని కాదు, బొబ్బిలి రాజా గారిని. మద్రాసు రాజ్యానికి ప్రధాని, అచ్చ తెలుగు రాజు. "మన రాజు" అని జనం ఆగిపోలేదు.

ఇప్పుడు మన ఊరి మాట. వన్‌టౌన్, అల్లిపురం, గాజువాక, ఆటోనగర్. వెల్డింగ్ మనవాళ్లే, స్క్రాప్ మనవాళ్లే, లారీ షెడ్లు, పెయింటింగ్, స్కాఫోల్డింగ్, పోర్టులో లోడింగ్. స్టీల్‌ప్లాంటు లోపల పర్మినెంట్ వాళ్లు తగ్గిపోతున్న కొద్దీ కాంట్రాక్టు, కాంట్రాక్టు కింద సబ్‌కాంట్రాక్టు, దాని కింద మేస్త్రీ, మేస్త్రీ కింద మన కుర్రాడు. ఆ మేస్త్రీయో సబ్‌కాంట్రాక్టరో చాలాసార్లు మన బిరాదరీ మనిషే.

నాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. పేర్లు వద్దు. కొడుకు హెల్పర్. తన్‌ఖాలోంచి పీఎఫ్ పేరుతో ప్రతి నెలా డబ్బు కోశారు. రెండేళ్ల తర్వాత చూస్తే ఖాతాలో ఒక్క రూపాయి జమ లేదు. సేఠ్ మనోడే. అమ్మీ వెళ్లి అడిగింది, అతను నవ్వి చాయ్ పోయించి పంపాడు. కుర్రాడు లేబర్ ఆఫీసుకి వెళ్తానన్నాడు. అంతే, ఆ సాయంత్రానికి మొహల్లా బుజుర్గులు నలుగురు ఇంటికొచ్చారు. "బేటా, అప్నా ఆద్మీ హై, ఛోడ్ దో. పోలీసు, కోర్టు అంటే బయటివాళ్లు మనల్ని చూసి నవ్వరూ? కౌమ్ పరువు చూడాలి గదా." వచ్చిన నలుగురిలో ఇద్దరు ఆ సేఠ్ దగ్గర మస్జిద్ మరమ్మతులకి చందా తీసుకున్నవాళ్లు. ఆ పిల్లాడు వెళ్లలేదు. డబ్బూ రాలేదు. మజ్దూర్ చెమట ఆరకముందే ఉజ్రత్ చేతికివ్వాలన్న హదీస్ మన పిల్లలకి మదర్సాలో నేర్పిస్తాం. ఆ హదీస్ ఎవరి కోసం వచ్చినట్టు? రెండేళ్లలో ఆ చెమట ఎన్నిసార్లు ఆరింది?

నాకు వచ్చే జవాబు తెలుసు. చాలామంది ఫోన్ చేసి కూడా చెబుతారు. "భాయ్, మీరు జర్నలిస్టులు, రాసేసి పోతారు. బయట పేరు చెప్పగానే పని లేదంటున్నారు. ఇల్లు అద్దెకివ్వరు. ఈ సేఠే కదా మన పిల్లల్ని పెట్టుకున్నాడు. ఆయన్ని కూడా దూరం చేసుకుంటే ఎక్కడికి పోవాలి?" ఈ మాటలో దర్ద్ ఉంది, నేను కాదనను. పేరు విని మొహం మార్చే గేట్లు నేనూ చూశాను. కానీ సరిగ్గా అక్కడే సేఠ్‌కి పట్టు దొరుకుతోంది. బయట తలుపు మూసుకుపోయిందని తెలుసు గనకే లోపల సగం కూలికి పని చేయించుకుంటున్నాడు. మర్ఫీ చేతిలో ఉన్న పట్టు కూడా ఇదే. అంగ్రేజు కంపెనీల్లో మంచి ఉద్యోగాలు కాథలిక్‌లకి దొరకడం కష్టం, మన మర్ఫీ దగ్గరికే పోవాలి. ఆ మజ్బూరీని అతను అణాపైసలతో సహా వసూలు చేసుకున్నాడు.

ఇంకొందరి జవాబు వేరే: యూనియన్లన్నీ ఎర్రజెండా వాళ్లవి, దీన్ లేనివాళ్లవి, మనం పోకూడదు. ఆర్చ్‌బిషప్ వాల్ష్ కూడా ఇంచుమించు ఇదే అన్నాడు. యూనియన్ ఆఫీసులో నమాజ్‌కి టైము ఇస్తారా లేదా అని అడగండి, ఇవ్వకపోతే గొడవ చేయండి. ఆ గొడవ నేనూ చేస్తాను మీ పక్కన. కానీ పీఎఫ్ కొట్టేసిన మనిషి జుమ్మాకి మొదటి సఫ్‌లో ఉన్నాడు కాబట్టి అక్కడ దీన్ ఉంది, పీఎఫ్ కోసం కొట్లాడే మనిషి మస్జిద్‌కి రాడు కాబట్టి అక్కడ దీన్ లేదు అంటే, ఈ హిసాబ్ నాకు ఎక్కడం లేదు.

యూనియన్ నాయకులు ఫరిష్తాలని నేను చెప్పడం లేదు. గిరి కథలోనే ఒక చేదు ముక్క ఉంది, దాన్ని దాచి ఆయనకి దండ వేయడం నాకిష్టం లేదు. 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది. లక్షల మంది. జార్జి ఫెర్నాండెజ్ నాయకుడు, అప్పటికి అదే రైల్వే కార్మికుల ఫెడరేషన్‌కి అధ్యక్షుడు. ప్రభుత్వం వేలాది మందిని జైళ్లలో వేసింది, క్వార్టర్లలోంచి కుటుంబాల్ని సామాన్లతో సహా బయటికి గెంటింది. ఇరవై రోజుల్లో సమ్మె విరిగిపోయింది. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఎవరు? ఆ ఫెడరేషన్‌ని నిలబెట్టిన వి.వి.గిరి. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల విషయంలో ప్రభుత్వంతో పడక కేంద్ర కార్మిక మంత్రి పదవికి రాజీనామా చేసిన మనిషి, ఇరవై ఏళ్ల తర్వాత కుర్సీలోంచి కదల్లేదు. ఐర్లాండ్‌లోనూ ఇంతే. ఆజాదీ వచ్చీరాగానే, 1922 సెప్టెంబర్‌లో పోస్టల్ ఉద్యోగులు సమ్మె చేస్తే, మీకు సమ్మె హక్కే లేదంది సొంత ప్రభుత్వం. ఆ అంతర్యుద్ధంలో సొంత ప్రభుత్వం మరణశిక్ష వేసి చంపిన బాగీల లెక్క 77. అంగ్రేజులు 1916లో అమలు చేసిన మరణశిక్షలు 16.

అంటే నేను చెప్పేది, మర్ఫీని నమ్మొద్దు గిరిని నమ్మండి అని కాదు. ఎవరి పేరునీ, ఎవరి పుట్టుకనీ నమ్మి హక్ వదులుకోవద్దు అని.

మన ఊళ్లో ఈ పాఠానికి ఖరీదు ఇప్పటికే చెల్లించారు కొందరు. 1966లో విశాఖ ఉక్కు కోసం అమృతరావు గారు అక్టోబర్ 15న నిరాహార దీక్షకి కూర్చున్నారు. నవంబర్ 1న మన వీధుల్లోనే పోలీసు కాల్పులు. రాష్ట్రమంతా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయి. కాల్చింది అంగ్రేజు కాదు. 1970లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీ ప్రకటించారు. ఆ ఏడాదే కాంట్రాక్టు లేబర్‌ని అదుపు చేసే, కొన్ని పనుల్లో రద్దు చేసే చట్టం వచ్చింది, రాష్ట్రపతిగా గిరి సంతకంతోనే. ఫ్యాక్టరీ కోసం 64 ఊళ్ల భూములిచ్చినవాళ్ల మనవలు ఇవాళ అదే గేటు దగ్గర కాంట్రాక్టు పాసు పట్టుకుని నిలబడుతున్నారు. 2021 జనవరి 27న కేంద్రం నూటికి నూరు శాతం అమ్మేస్తామని నిర్ణయం తీసుకున్నప్పటి నుంచి ఆ పాసులకి కూడా గ్యారంటీ లేకుండా పోయింది. కాంట్రాక్టువాళ్లనే ముందు బయటికి పంపుతున్నారు. అందులో మన పిల్లలూ ఉన్నారు, అప్పన్న పేరున్న పిల్లలూ ఉన్నారు, ఏసుపాదం పేరున్న పిల్లలూ ఉన్నారు. తీసేసేవాడు లిస్టు రాసేటప్పుడు మజ్‌హబ్ కాలమ్ చూడలేదు. టెంట్ కింద కూర్చునేటప్పుడు మనమెందుకు చూసుకుంటున్నాం?

మస్జిద్ కమిటీల పెద్దలకి నాది చిన్న దర్ఖాస్తు. ఈ రంజాన్‌లో సేఠ్‌లు జకాత్ హిసాబ్ రాయించుకోడానికి మీ దగ్గరికి వస్తారు. రాసేముందు ఒక్క మాట అడగండి: మీ దగ్గర పనిచేసే పిల్లలకి బాకీ ఎంత ఉంది, పీఎఫ్ చలానా ఎక్కడుంది? బాకీ పడ్డ ఉజ్రత్ మీ ఆస్తి కాదు, అది ఆ పిల్లల అమానత్. ముందు అది తీర్చాలి, జకాత్ తర్వాత. ఆ చలానా చూపించని మనిషి చందాతో మస్జిద్‌కి ఏసీ పెట్టించకండి. ఫ్యాన్ల కింద నమాజ్ అవుతుంది. బుజుర్గులు మొహల్లాలోకి కబురు మోసేటట్టయితే ఈసారి సేఠ్ ఇంటికి మోయండి. పీఎఫ్ పాస్‌బుక్ ఫోన్‌లోనే చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. అమ్మీలు, ఆపాలు ఇవాళ రాత్రే కొడుకుల చేత తెరిపించి చూడండి. జమ లేకపోతే, అడగడానికి వెళ్లేటప్పుడు వాణ్ణి ఒంటరిగా పంపకండి. పక్కన పనిచేసే అప్పన్ననీ తోడు తీసుకెళ్లమనండి. అతని ఖాతాలో కూడా జమ పడి ఉండదు.